కాశిబుగ్గ ప్రేక్షకుడు: దూరదర్శన్ నాటి శాస్త్రకల్పన, అతిమానవ ధారావాహికలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
1980ల చివరి నుంచి 2005 వరకు దూరదర్శన్ జాతీయ ప్రసారాల్లో వచ్చిన శాస్త్రకల్పన, అతిమానవ ధారావాహికలను తెలుగు బాలప్రేక్షకుడు ఏ సాహిత్యసంస్కారంతో గ్రహించాడన్నది ఈ వ్యాసంలో ప్రధానాంశం. ‘ఇంద్రధనుష్’, ‘శక్తిమాన్’, ‘కెప్టెన్ వ్యోమ్’ ధారావాహికలను వరంగల్ నగరంలోని కాశిబుగ్గ వంటి పేటలో, తెలుగు ఉర్దూ కలిసి వినిపించే చోట నిలబడి చూసినప్పుడు వాటి హాస్యం, వీరం, విజ్ఞానదృష్టి హిందీ ప్రాంతంలో కంటే భిన్నంగా పలికాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అభిమాని ప్రేమను గౌరవిస్తూనే ఆ ప్రేమ దాటవేసిన ప్రశ్నలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: దూరదర్శన్, శాస్త్రకల్పన, శక్తిమాన్, అద్భుతరసం, అజ్ఞాతవాసం, తత్సమం, తెలంగాణ, జానపద చలనచిత్రం.

1. ఉపోద్ఘాతం

తెలుగు విమర్శ ఆలస్యంగానైనా సినిమాను తన పరిధిలోకి తెచ్చుకుంది. టెలివిజన్ ధారావాహికను మాత్రం చాలాకాలం గడప బయటే నిలబెట్టింది. అందులోనూ హిందీలో వచ్చి, పిల్లల కార్యక్రమమన్న ముద్ర పడి, సాంకేతికంగా పేలవమన్న పేరు తెచ్చుకున్న శాస్త్రకల్పన, అతిమానవ సీరియళ్లకు ఆ గడప దగ్గర కూడా చోటు దొరకలేదు. కానీ 1980ల్లోనూ 90ల మొదట్లోనూ పుట్టి, ఇవాళ తెలుగులో రాస్తున్న, సినిమాలు తీస్తున్న, తరగతి గదుల్లో పాఠం చెబుతున్న తరంలో చాలామందికి అద్భుతరసం మొదట పరిచయమైంది ప్రబంధంలో కాదు. పొరుగింటి గదిలో, చాప మీద కూర్చొని చూసిన నలుపు తెలుపు టీవీలో. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ తరం ఊహాశక్తి చరిత్ర రాయడం కుదరదు.

ఇక్కడ ‘కాశిబుగ్గ ప్రేక్షకుడు’ అన్నది ఒక వ్యక్తి పేరు కాదు, ఒక స్థానం. ఏనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఉన్న ఈ పేట పేరులోని ‘బుగ్గ’ అంటే నీటి ఊట. శివుడి ఊరు, ఊట నీరు కలిసిన ఆ పేరు కిందే ఉర్దూ బోర్డులు, తెలుగు బేరాలు, దవాఖాన, సడక్, పరేషాన్ వంటి మాటలు ఒకే వీథిలో తిరుగుతాయి. 1948 వరకు హైదరాబాద్ సంస్థానంలో ఉన్న ఊరికి ఇది సహజం. హిందీ సీరియల్ ఇక్కడి పిల్లవాడికి పూర్తిగా పరాయిదీ కాదు, పూర్తిగా సొంతమూ కాదు. ఈ మధ్యస్థితే ఈ వ్యాసానికి ఆధారం.

‘అభిమాని’ అన్న మాటను కూడా ఒకసారి చూడాలి. తెలుగులో అభిమానం అంటే ఇష్టం, ఆత్మగౌరవం రెండూ. ‘అభిమానం చంపుకోవడం’ అన్నప్పుడు చంపుకొనేది ఇష్టాన్ని కాదు. పాత సీరియల్‌ను ఎవరైనా వెక్కిరిస్తే అభిమానికి కలిగే నొప్పిలో ఈ రెండర్థాలూ పనిచేస్తాయి. అతడు కాపాడుకుంటున్నది కార్యక్రమాన్ని మాత్రమే కాదు, దాన్ని నమ్మిన తన పదేళ్ల వయసును కూడా. అందుకే అభిమాని మాట విమర్శకుడికి అవసరం, అంతమాత్రం చేత అది విమర్శ కాబోదు.

2. కథకు ముందే వచ్చిన ఉపగ్రహం

తెలుగు పల్లెకు టెలివిజన్ వచ్చిన తీరే ఒక శాస్త్రకల్పన కథలా ఉంటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో దేశంలోని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ‘సైట్’ అన్న పేరుతో జరిగిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒక రాష్ట్రం. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు ఆ ప్రసారాల ముఖ్య విషయాలు. భూమిచుట్టూ నిలకడగా తిరిగే ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారం చేయవచ్చని 1945లోనే ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో రాసినవాడు ఆర్థర్ సి. క్లార్క్, అంటే శాస్త్రకల్పన రచయిత. కల్పన ముందు వచ్చి యంత్రానికి దారి చూపింది. తెలుగు పల్లెలో మాత్రం యంత్రం ముందు వచ్చింది, కల్పన తరువాత వచ్చింది. ఎరువుల గురించి చెప్పిన తెరమీదే పదిహేనేళ్లకు అంతరిక్షనౌకలు కనిపించాయి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, అదే ఏడాది ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చాయి. ఆ తరువాతి ఆదివారం ఉదయాల్లోనే ‘స్టార్ ట్రెక్’ వంటి విదేశీ ధారావాహికలు భారతీయ ఇళ్లలోకి చేరాయి. 1966-69 మధ్య 79 భాగాలుగా అమెరికాలో ప్రసారమై, మనిషి చంద్రుడి మీద కాలు మోపడానికి కొద్ది వారాల ముందు ముగిసిపోయిన ఆ ధారావాహికను ఇక్కడి పిల్లలు దాదాపు రెండు దశాబ్దాల ఆలస్యంతో చూశారు. ఇంగ్లిషు సంభాషణ చాలామందికి అందలేదు. అందింది బొమ్మ: పొడవు చెవుల మనిషి, వెలుగులో కరిగి మరోచోట తేలే శరీరాలు. ‘అంతర్ధానమయ్యెను’ అని కథల్లో చదివిన క్రియకు అది మొదటి దృశ్యరూపం. భాష అర్థం కాకపోవడం వల్ల నష్టమే జరిగిందని చెప్పలేం.

3. పిల్లలు కూర్చిన కంప్యూటరు

1989లో ఆనంద్ మహేంద్రూ దర్శకత్వంలో వచ్చిన ‘ఇంద్రధనుష్’ ఈ మొత్తం వరుసలో విమర్శకుడి ఆదరణకు ఎక్కువ అర్హత ఉన్నది. పిల్లలు సొంతంగా ఒక కంప్యూటరును కూరుస్తారు, దానిలోకి ఆండ్రోమెడా నుంచి ఒక అతిథి వస్తాడు, కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణం సాధ్యమవుతుంది. అప్పటికి వరంగల్‌లో కంప్యూటరును దగ్గరగా చూసిన పిల్లలు బహుకొద్దిమంది. అయినా ఆ కథ వారికి ఒక హామీ ఇచ్చింది: విడిభాగాలు దొరికితే మనమూ చేయవచ్చు. యంత్రం ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడలేదు, తంతులు కలిపి, ఓడిపోయి, మళ్లీ కలిపి చేసినది. అద్భుతం పని తరువాత వచ్చింది.

దీనికి తోడు మరో రెండేళ్లకు గిరీశ్ కర్నాడ్ వ్యాఖ్యానంతో ‘టర్నింగ్ పాయింట్’ విజ్ఞాన కార్యక్రమం వచ్చింది. అందులో ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబు చెప్పిన యశ్‌పాల్, సైట్ ప్రయోగకాలంలో అహ్మదాబాద్ అంతరిక్ష అనువర్తన కేంద్రానికి సంచాలకుడు. పల్లెకు ఉపగ్రహం ద్వారా టీవీ తెచ్చిన మనిషే అదే టీవీలో పిల్లల సందేహాలు తీర్చాడన్నమాట. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తెలుగు తెరమీదికి కాలయంత్రాన్ని తెచ్చింది. యంత్రం శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్లింది, ఆ తరువాత 2504 సంవత్సరానికి కూడా వెళ్లింది. భవిష్యత్తులో భూమి మీద బతకలేక మనుషులు నేలకింద దాక్కున్నారు. వెనక్కి వెళితే వైభవం, ముందుకు వెళితే భయం. ఆ మూడేళ్ల కాలంలో విజ్ఞానాన్ని పిల్లలకు ఆటగానూ, పెద్దలకు హెచ్చరికగానూ చూపిన ఒక సమతూకం కనిపిస్తుంది. ‘స్పేస్ సిటీ సిగ్మా’ వంటివి అట్టపెట్టెల అంతరిక్షంలో తిరిగాయనడం నిజమే గాని, అవి కూడా ఈ ఉత్సాహంలో భాగమే.

4. గంగాధర్ మాట్లాడిన భాష

‘శక్తిమాన్’ 1997 సెప్టెంబరులో మొదలై 2005 మార్చి వరకు నడిచింది. దినకర్ జానీ దర్శకుడు. ముఖేష్ ఖన్నా నాయకుడు, నిర్మాత కూడా. కథ అందరికీ తెలిసినదే. సూర్యాంశులైన మునుల శిక్షణతో, కుండలినిని మేల్కొలిపి, పంచభూతాల శక్తిని పొందిన వీరుడు లోకంలో పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకారనాథ్ శాస్త్రి అన్న పత్రికా ఛాయాగ్రాహకుడిగా తిరుగుతాడు. కళ్లద్దాలు, పళ్ల ఎత్తు, తడబాటు. 1938లో అమెరికా కామిక్స్‌లో పుట్టిన సూపర్‌మాన్ పత్రికా విలేఖరి, స్పైడర్‌మాన్ పత్రికా ఛాయాగ్రాహకుడు. గంగాధర్ ఈ ఇద్దరినీ కలిపి పోసిన పాత్ర అని అభిమానులు చాలాసార్లు చెప్పుకొన్నారు. అంతటితో ఆగితే ఆ పాత్రలోని అసలు విశేషం జారిపోతుంది. గంగాధర్‌ను నవ్వులపాలు చేసేది అతడి భాష. చుట్టూ అందరూ వాడుక హిందుస్తానీ మాట్లాడుతుంటే అతడొక్కడే గ్రాంథికమైన, సంస్కృతం దట్టించిన హిందీ మాట్లాడతాడు. ఇంతటి శుద్ధభాష ఎవరు మాట్లాడతారన్నదే హిందీ ప్రేక్షకుడికి హాస్యం.

ఇదే దృశ్యం కాశిబుగ్గలో తలకిందులవుతుంది. హిందీలో పరిహాసానికి గురైన పొర తెలుగు పిల్లవాడికి బాగా తెలిసిన పొర. క్షమ, కృప, అవశ్యం, ప్రయత్నం, విశ్వాసం వంటి తత్సమాలు అతడి తెలుగు వాచకంలోనే ఉన్నాయి. వాటిని పద్యాల ప్రతిపదార్థాల్లో వల్లెవేశాడు. కాబట్టి ఆ సీరియల్‌లో అతడికి అందరికంటే బాగా అర్థమైన పాత్ర గంగాధరే. ఇతర పాత్రల వాడుకమాటలు వేరే దారిలో, బజారు ఉర్దూ ద్వారా అందాయి. తత్సమం బడి నుంచి, ఉర్దూ వీథి నుంచి. ఈ రెండు దారులూ ఉన్న పేట పిల్లవాడు ఆ సంభాషణలో అత్యధిక భాగాన్ని ఎవరి సాయమూ లేకుండా అందుకోగలిగాడు. ఉర్దూ సంపర్కం తక్కువగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో మొదటి దారి ఒక్కటే తెరిచి ఉంది. అంటే అక్కడ గంగాధర్ మాటలు తెలిసి, అతణ్ని వెక్కిరించేవాళ్ల మాటలు తెలియని స్థితి.

దీనివల్ల హాస్యం పోయిందా అంటే పోలేదు, చోటు మారింది. తెలుగు పిల్లవాడు నవ్వింది భాషకు కాదు, ఆ పళ్లకూ ఆ నడకకూ. భాష విషయంలో అతడు గంగాధర్ పక్షానే ఉన్నాడు. తరగతిలో గ్రాంథికంగా మాట్లాడే తెలుగు పంతులు ముఖం అతడికి గంగాధర్‌లో కనిపించి ఉండాలి. పంతులు నిజానికి ఏదో శక్తి దాచుకున్నవాడేమో అన్న అనుమానం సీరియల్ ఇచ్చిన కానుక. ఒక భాషలో వెక్కిరింత మరో భాష చెవిలో గౌరవంగా వినిపించడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం. గ్రహణసిద్ధాంతం గురించి మాట్లాడేవారు విదేశీ ఉదాహరణలకు వెళ్లే ముందు దీన్ని పరిశీలించవచ్చు.

1998లో కేతన్ మెహతా రూపొందించిన ‘కెప్టెన్ వ్యోమ్’ (నాయకుడు మిలింద్ సోమన్) విషయంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. ‘వ్యోమం’ తెలుగువారికి కొత్త మాట కాదు. రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షంలోకి వెళ్లినప్పటికే ‘వ్యోమగామి’, ‘వ్యోమనౌక’ తెలుగు పత్రికాభాషలో ఉన్నాయి. పేరు వినగానే వృత్తి తెలిసిపోయే నాయకుడు అతడు. ఒళ్లంతా లోహపు మెరుపుతో, భవిష్యత్తులో తిరిగే ఆ పాత్ర శక్తిమాన్ అంతటి ఆదరణ పొందలేదు. అతడికి గంగాధర్ లేకపోవడమే ఒక కారణం.

5. అజ్ఞాతవాసం

రెండు రూపాల నాయకుడు తెలుగు శ్రోతకు అమెరికా నుంచి దిగుమతి కాలేదు. భారతాన్ని తెనిగించడానికి తిక్కన మొదలుపెట్టిన చోటే విరాటపర్వం. అక్కడ గాండీవి బృహన్నలై నాట్యం నేర్పుతాడు. ఉత్తరుడు ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెడతాడు. బృహన్నల అతణ్ని పట్టి తెచ్చి, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపిస్తుంది. నవ్వు నుంచి వీరానికి ఆ మలుపు తెలుగులో ఎంత పరిచితమో ‘నర్తనశాల’ (1963) ఆదరణ చూస్తే తెలుస్తుంది. తెలంగాణలో దసరానాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కే పిల్లవాడికి, దాచిన ఆయుధం, దాచిన రూపం అన్న భావన పండుగలోనే ఉంది. గంగాధర్ గిరగిర తిరిగి శక్తిమాన్ అయ్యేటప్పుడు అతడు చూసింది జమ్మిచెట్టు దగ్గరి క్షణాన్నే.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. అజ్ఞాతవాసానికి గడువు ఏడాది. గడువు తీరాక గుర్తింపు జరగాలి, విరటుడు తాను ఇన్నాళ్లూ ఎవరిచేత ఊడిగం చేయించుకున్నాడో తెలిసి తల్లడిల్లాలి, ఉత్తరాభిమన్యుల పెళ్లి జరగాలి. కథ ఆ గుర్తింపు కోసమే నడుస్తుంది. ధారావాహికకు గుర్తింపు శత్రువు. పత్రికా విలేఖరి గీతా విశ్వాస్ పక్కనే ఉన్న గంగాధర్‌ను ఎంత చూసినా పోల్చుకోకపోతేనే మరో వారం నడుస్తుంది. మొదట కిటూ గిద్వానీ, తరువాత వైష్ణవీ మహంత్ పోషించిన ఆ పాత్ర తెలివైన పాత్రికేయురాలిగా మొదలై, నిజాన్ని వెతకడం వృత్తిగా గల మనిషి కళ్లముందున్న నిజాన్ని చూడలేని స్థితికి చేరింది. ఇది రచనలోని లోపం. దీన్ని ధారావాహిక స్వభావం మీదికి నెట్టివేసి ఊరుకోవడం సరికాదు. అభిమానులు సాధారణంగా గీతను ప్రేమకథ కోసం గుర్తుంచుకుంటారు. ఆమె వృత్తికి జరిగిన అన్యాయం గురించి వారి మాటల్లో అంతగా వినిపించదు.

6. భీష్మద్రోణులు

ఇక్కడొక చిన్న విషయం. 1988-90 మధ్య బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో భీష్ముడు ముఖేష్ ఖన్నా, ద్రోణుడు సురేంద్ర పాల్. ‘శక్తిమాన్’లో మొదటివాడు వెలుగు పక్షాన వీరుడు, రెండోవాడు చీకటికి అధిపతియైన తమ్‌రాజ్ కిల్విష్. కౌరవసేనకు వరుసగా నాయకత్వం వహించిన ఇద్దరు పెద్దలు పిల్లల సీరియల్‌లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇంట్లో పెద్దలు సీరియల్‌ను మందలించకుండా చూడనివ్వడానికి ఈ ముఖాల పాత పుణ్యం కొంత పనిచేసింది. ప్రతి భాగం చివర పళ్లు తోముకోవడం, అబద్ధం చెప్పకపోవడం వంటి చిన్న విషయాలపై శక్తిమాన్ చేసే బోధను పెద్దలు ఆమోదించడానికి కూడా అదే కారణం. అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన శాంతి, ఆనుశాసనిక పర్వాల ధర్మాలు ఇక్కడ రెండు నిమిషాలకు కుదించుకుపోయాయి. అతడి బోధ పిల్లలకు విసుగు పుట్టించలేదు. శతకపద్యం చివరి మకుటంలా, రాకపోతే ఏదో తక్కువైనట్టు అనిపించే ముగింపుగా దాన్ని వారు స్వీకరించారు.

7. తెల్లకోటు తొడిగిన మాంత్రికుడు

‘శక్తిమాన్’ను విజ్ఞానకల్పన అనవచ్చా అన్నది అభిమానుల్లో తరచు వచ్చే చర్చ. గ్రహాంతరవాసులు, ప్రయోగశాలలు, నకలు మనుషులు అందులో ఉన్నారు. కానీ ఆ ప్రయోగశాల ఎవరిది? లలిత్ పరిమూ పోషించిన డాక్టర్ జైకాల్‌ది. అతడు శాస్త్రవేత్త, కిల్విష్ సేవకుడు. నాయకుడి శక్తి యోగం నుంచి వచ్చింది, ప్రతినాయకుడి శక్తి ప్రయోగం నుంచి వచ్చింది. ‘ఇంద్రధనుష్’లో కంప్యూటరు కూర్చిన పిల్లలు ఎనిమిదేళ్లకు ఈ లోకంలోకి వస్తే ఎవరి పక్షాన నిలబడాలి? కంప్యూటర్ చదువుల కోసం తెలుగు యువకులు హైదరాబాద్ అమీర్‌పేటకు క్యూ కడుతున్న దశాబ్దంలోనే, వారి తమ్ముళ్లు చెల్లెళ్లు చూస్తున్న తెరమీద విజ్ఞానం చీకటికి కొలువు చేసింది. రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజున జరిగిన సందర్భాలు తక్కువేమీ కావు. ఈ వైరుధ్యాన్ని అప్పట్లో ఎవరూ గమనించలేదు. గమనించవలసినంత గంభీరమైన విషయంగా సీరియల్‌ను ఎవరూ చూడలేదు కూడా.

తెలుగు ప్రేక్షకుడికి జైకాల్ మాత్రం కొత్తవాడు కాదు. ‘పాతాళభైరవి’ (1951)లో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు, ఆ తరువాత విఠలాచార్య చిత్రాల మాంత్రికులు అతడి పూర్వీకులు. గుహ ప్రయోగశాలయింది, పుర్రె గాజుపాత్రయింది, శిష్యుడు సహాయకుడయ్యాడు. ఈ పోలికలో పోగొట్టుకున్నదేమిటో కూడా చూడాలి. కె.వి. రెడ్డి చిత్రంలో శక్తి అంతా మాంత్రికుడిది. తోటరాముడికి ఉన్నది సాహసం, సమయస్ఫూర్తి, అంజి అనే స్నేహితుడు. తనను బలి ఇవ్వబోయిన మాంత్రికుణ్నే బలి ఇచ్చి ప్రతిమను సంపాదిస్తాడు. ప్రతిమ పోయాక, శిష్యుడి వేషం వేసి తిరిగి సాధిస్తాడు. వరం వచ్చేది సాహసం చేసినవాడికి. వీరం నుంచి అద్భుతం పుడుతుందని భరతుడు రసాల సంబంధాన్ని చెప్పాడు. తోటరాముడి కథ ఆ క్రమాన్నే పాటించింది. శక్తిమాన్‌లో క్రమం మారింది: అద్భుతం ముందే చేతిలో ఉంది, వీరం దాని ప్రదర్శన. అందువల్లే పోరాటఘట్టాల్లో ఫలితం గురించి ఆదుర్దా ఉండదు, ఎంత వింతగా గెలుస్తాడన్న కుతూహలమే ఉంటుంది.

శక్తికి హద్దు లేనప్పుడు కథకు ఊపిరి ఆడదని చెప్పడానికి పెద్దన దగ్గరికే వెళ్లవచ్చు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో ప్రవరుడు హిమాలయానికి ఎగిరాడు. మంచునీటికి లేపం కరిగిపోయింది. కరగకపోతే అతడు సాయంత్రానికి ఇల్లు చేరి అగ్నిహోత్రం చేసుకొనేవాడు, మనుచరిత్ర ఉండేది కాదు. ఎగరడంతో మొదలైన కథ ఎగరలేకపోవడం వల్ల కావ్యమైంది. శక్తిమాన్‌కు కూడా కొన్ని బలహీనతలు కల్పించారుగాని, అవి ఎక్కువగా ఆ వారం అవసరానికి పుట్టి పై వారానికి కరిగిపోయేవి.

ఈ హద్దులేనితనానికి తెరవెలుపల కూడా ఒక మూల్యం ఉంది. తమను శక్తిమాన్ వచ్చి కాపాడతాడన్న నమ్మకంతో పిల్లలు ప్రమాదాలు తెచ్చుకున్నారన్న వార్తలు అప్పట్లో వచ్చాయి. ఆ వార్తలకూ సీరియల్‌కూ సంబంధం అంటగట్టడాన్ని నిర్మాత వ్యతిరేకించాడు. అయినా ఇలాంటి పనులు చేయవద్దని సీరియల్‌లోనే పిల్లలకు హెచ్చరికలు చేర్చవలసి వచ్చింది. అభిమానులు ఈ విషయం రాగానే రక్షణలో పడతారు: ఏదో జరిగితే టీవీని తిట్టడం తల్లిదండ్రులకు అలవాటని అంటారు. వారి మాటలో కొంత నిజముంది. కానీ విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. నాయకుణ్ని అనుకరించే పిల్లవాడు ఒకడు, నాయకుడి కోసం ఎదురుచూసే పిల్లవాడు ఇంకొకడు. కత్తి కట్టెతో తోటరాముడై గోడ దూకిన పిల్లవాడికి కాలు బెణికి ఉండవచ్చు. తనను ఎవరో పట్టుకుంటారని మాత్రం అతడు దూకలేదు. 1997 నాటి కథ పిల్లవాడికి ఇచ్చిన చోటు రక్షింపబడేవాడి చోటు. ఈ సీరియల్ మీద చేయదగ్గ అతి బలమైన ఆక్షేపణ ఇదే. దీనికి అభిమానుల దగ్గర సరైన సమాధానం ఇంకా లేదు.

8. తీగలు కనిపించే గగనయానం

పాత సీరియళ్లపై సాధారణంగా వినిపించే ఆక్షేపణ దృశ్యప్రభావాలు పేలవమని. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కాలంలో దూరదర్శన్ ‘శక్తిమాన్’ను పునఃప్రసారం చేసినప్పుడు ఇది మళ్లీ బయటికి వచ్చింది. ముప్పై దాటిన అభిమానులు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూపారు. పిల్లలు నవ్వకూడని చోట నవ్వారు. వెనకనున్న ఆకాశం అతికించినదని తెలిసిపోతోంది. ఎగిరే మనిషి అంచుల చుట్టూ గీత కనిపిస్తోంది.

ఈ లోపాన్ని లోపమని ఒప్పుకొంటూనే మరో వైపు నుంచి చూడవలసి ఉంది. వరంగల్ ప్రాంతం ప్రదర్శనకళల సంపద గలది. చిందు యక్షగానంలో కిరీటం, భుజకీర్తులు చెక్కవని అందరికీ తెలుసు. నటుడు ఒక్క సుడి తిరిగితే చోటు మారినట్టు, కాలం గడిచినట్టు ప్రేక్షకుడు అంగీకరిస్తాడు. 2024లో పద్మశ్రీ పొందిన జనగామ ప్రాంతపు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య వంటివారి ప్రదర్శన చూసినవారికి ఆ ఒప్పందం తెలుసు. ఒగ్గు కథకుడు ఒక్కడే మల్లన్న, బలిజ మేడలమ్మ, మధ్యలో ఊరివాళ్లు కూడా అవుతాడు. 2016 వరకు వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాల నకాశీ పటంలో ఎర్రటి నేల మీద గళ్లు గళ్లుగా సాగే బొమ్మలను కథకుడు ఒక్కొక్కటే విప్పుతూ చెబుతాడు. చిత్రం నిజంలా ఉండాలన్న షరతు ఈ కళల్లో దేనికీ లేదు. గిరగిర తిరిగే శక్తిమాన్‌ను ఈ సంప్రదాయపు అంచున కూర్చొని చూసిన పిల్లవాడు మోసపోలేదు, ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం తెలియని పిల్లలు, కంప్యూటర్ చిత్రాల నునుపుకు అలవాటుపడినవారు, 2020లో నవ్వారు. నవ్విన పిల్లల తప్పేమీ లేదు. అయితే వారి తల్లిదండ్రులు అంతగా సిగ్గుపడవలసిన పని కూడా లేకపోయింది.

ఒక జాగ్రత్త అవసరం. చిందు నటుడి సుడికి గురుశిక్షణ, తాళం, పాట తోడుంటాయి. సీరియల్ సుడికి తోడున్నది బడ్జెట్ కొరత. రెండింటినీ ప్రేక్షకుడు ఒకే సంస్కారంతో స్వీకరించాడన్నంత మాత్రాన రెండూ సమానమైన కళలు కావు.

9. వరం, యంత్రం: తరువాతి చిత్రాలు

తెలుగులో అతిమానవ వీరుడి మార్గం ఈ సీరియళ్లకు ముందే ఏర్పడింది. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన ‘సూపర్‌మాన్’లో శక్తి హనుమంతుడి అనుగ్రహం. అమెరికా వీరుడు మరో గ్రహం నుంచి వచ్చాడు. తెలుగు వీరుడు గుడి నుంచి వచ్చాడు. 2024 జనవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో కూడా అంజనాద్రి అనే కల్పిత గ్రామపు యువకుడికి హనుమంతుడి రక్తబిందువు నుంచి ఏర్పడిన మణి శక్తినిస్తుంది. ఎదుటివాడు మైకేల్, యంత్రాలతో, ప్రయోగాలతో అతిమానవుడు కావాలని తపించేవాడు. యోగం ఒకవైపు, ప్రయోగశాల మరోవైపు ఉన్న ‘శక్తిమాన్’ చిత్రపటమే ఇది. నలభై నాలుగేళ్లలో సాంకేతికత మారింది, భాష తెలుగయింది, పంపకం మారలేదు. ఈ చిత్రం మేలైన భాగాలు వీరుడికి శక్తి పగలు మాత్రమే పనిచేస్తుందన్న హద్దు నుంచి పుట్టాయి. ప్రవరుడి పాదలేపం తరహా హద్దు అది.

అదే ఏడాది జూన్‌లో వచ్చిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ మరో దారి పట్టింది. ఆ చిత్రానికి సలహాదారుగా నిలిచినవాడు ‘ఆదిత్య 369’ తీసిన సింగీతం శ్రీనివాసరావు. అశ్వత్థామ, అంతరిక్షపు ఆయుధాలు ఒకే చట్రంలోకి వచ్చాయి. పురాణం మంచిది, యంత్రం చెడ్డది అన్న గీత అందులో అంత స్పష్టంగా లేదు. నాయకుడు భైరవకు తోడుగా తిరిగే వాహనం ఆలోచిస్తుంది, వాదిస్తుంది, అలుగుతుంది. ‘ఇంద్రధనుష్’ పిల్లల కంప్యూటరుకు ఇది దగ్గరి చుట్టం. కీర్తి సురేశ్ గొంతుతో మాట్లాడే ఆ యంత్రానికి పెట్టిన పేరు బుజ్జి, తెలుగిళ్లలో చిన్నపిల్లలను పిలుచుకొనే పేరు.